స్టూలు మీద వేరుశెనగ కాయ

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. రాత్రంతా కురిసిన మబ్బు ఇంకా కదలకుండా ఇళ్ల మీదే కూర్చుంది. తూర్పున మాత్రం, కప్పులకు కాస్త పైన, మబ్బు అంచు లేచి చిన్న సందు మిగిలింది. ఎండ ఆ సందులోంచి దూరి వచ్చింది. ఆమె ఫోటో స్టూడియో షట్టరు ఎత్తింది సరిగ్గా అప్పుడే. ఆ షట్టరు సగం దాకా లేస్తుంది, అక్కడ బిగుసుకుంటుంది. మిగతా సగం ఆయన లేచి, టీ తాగి వచ్చి, భుజం పెట్టి ఎత్తాలి. అందాకా ఆమె నడుం వంచుకుని ఆ సగం కిందే ఊడుస్తుంది, బయట మెట్టు కడుగుతుంది, మళ్లీ వంగి లోపలికి వస్తుంది. నూనె వేయించమని చాలాసార్లు చెప్పింది. నేనొచ్చి ఎత్తుతున్నానుగా అన్నాడాయన ప్రతిసారీ. ఆయనకు అందులో ఇబ్బంది కనపడదు. ఆయన ఎప్పుడూ దాని కింద వంగలేదు.

నేల మీద వేరుశెనగ డొల్లలు ఉన్నాయి. రోజూ ఉండేవే. సాయంత్రం గిరాకీ పలచబడ్డాక ఆయనా, టైర్ల షాపాయనా, మందుల షాపాయనా బెంచీల మీద చేరి, వేయించిన కాయల పొట్లం మధ్యలో పెట్టుకుని లోకం సంగతులు మాట్లాడతారు. మాట మాటకూ ఒక కాయ చిట్లుతుంది. పలుకులు నోట్లోకి, డొల్లలు కిందికి. బుట్ట పక్కనే ఉంటుంది. అయినా బుట్టలో ఒక్క డొల్ల పడదు. పొద్దున్నే వాటిని ఊడ్చి ఎత్తడం ఆమె పని, ముఖం కడుక్కోవడం లాంటి పని, ఆలోచన అక్కర్లేనిది. ఆ పొద్దున మాత్రం ఎండ సగం ఎత్తిన షట్టరు కిందుగా వచ్చి, నేలను రాసుకుంటూ ఎదుటి గోడ దాకా పోయింది. ఒక్కో డొల్ల వెనకా దానికి ఎన్నో ఇంతలు పొడుగైన నీడ పడింది. కొన్ని బోర్లా పడి వీపులు చూపిస్తున్నాయి. కొన్ని వెల్లకిలా పడి కడుపులో ఇంత చీకటి దాచుకున్నాయి. ఎలాగూ నడుం వంచే ఉంది కదా, ఇంకాస్త వంగి గొంతుక్కూర్చుని చూసింది. నిలబడి చూస్తే చెత్త. కూర్చుని చూస్తే జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇళ్లు. ప్రతి ఇంటికీ రెండే గదులు.

చీపురు గోడకు ఆనించింది. అలమర పై అరలో పాత కెమెరా ఉంది. దాని ఫ్లాష్ పోయి చాలాకాలమైంది. కొత్తది కొన్నాక ఆయన దాన్ని అక్కడ పెట్టేశాడు. కస్టమర్లు లోపలికి రాగానే రెండు మూడు కెమెరాలు కనిపించాలని దాన్ని ఆమెతో నెలకోసారి తుడిపిస్తుంటాడు. తుడిచినప్పుడు దాని బ్యాటరీని చార్జింగులో పెట్టడం కూడా ఆమె పనే. అందువల్ల కెమెరా ప్రాణంతోనే ఉంది. ఆమె దాన్ని తీసుకుని, మోచేతులు నేలకు ఆనించి, రాత్రి జల్లు కొట్టి తడిసిన గచ్చు మీద బోర్లా పడుకున్నంత పని చేసి, నొక్కింది. ఇంకా నొక్కింది. మబ్బు సందు మూసుకుని నీడలు ఆరిపోయేదాకా నొక్కింది. మోకాళ్ల దగ్గర చీర తడిసిపోయిన సంగతి తర్వాత తెలిసింది.

తీసినవి చూసుకుందామని మీట నొక్కింది. వెనక్కి వెళ్లాల్సింది ముందుకు నొక్కింది. ఆఖరిది దాటితే ఆ కెమెరా మళ్లీ మొదటికి పోతుంది. తెర మీద ఒక ఆడమనిషి ముఖం వచ్చింది.

ఎవరో కస్టమరనుకుంది. తర్వాత చెవి కింది పుట్టుమచ్చ చూసింది.

ఆ ముఖం సంగతి చెప్పాలంటే స్టూలు సంగతి చెప్పాలి. ఏ కస్టమరు వచ్చినా ముందు స్టూలు మీద కూర్చునేది ఆమె. "ఏమే, ఒకసారి రా" అని ఆయన కేకేస్తే, చేతిలో ఏముంటే అది వదిలేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటుంది. ఆయన గొడుగు లైటు అటు జరిపి, ఇటు జరిపి, ఆమె ముఖం మీద రెండు మూడు తీసి చూసుకుంటాడు. ముక్కు నీడ ఎక్కువైంది. నుదురు మెరుస్తోంది. చాలు, లే. కస్టమరు వచ్చి కూర్చుంటారు, అప్పటికి లైటు వాళ్ల కోసం సిద్ధంగా ఉంటుంది. వాళ్లు వెళ్లాక ఆ మొదటి రెండు మూడు ఫోటోలు చెరిపేయాలి. ఆ పని కూడా ఆమెదే. కెమెరా వెనక చెత్తబుట్ట బొమ్మ ఉన్న మీట ఒకటుంది. అది నొక్కితే నిజంగానా అని అడుగుతుంది. అవును అనాలి. మొదట్లో ఆమె ఆగి ముఖం చూసుకునేది. తర్వాత చూడడం మానేసింది. ఇప్పుడు బొటనవేలికి వచ్చు, చెత్తబుట్ట, అవును, చెత్తబుట్ట, అవును. పెళ్లై వచ్చినప్పటినుంచీ ఆయన ఆమెను తీసినన్ని ఫోటోలు ఏ మగవాడూ తన పెళ్లాన్ని తీసి ఉండడు. ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదు.

స్టూడియో పేరు ఆయనది. కటింగు ఆమెది. పాస్‌పోర్టు ఫోటోలు అంచు పోకుండా కత్తిరించడం, వెనక తెర ఉతికి ముడత లేకుండా ఇస్త్రీ చేయడం, ఊళ్లో సగం మంది మగవాళ్లు ఫోటోకు తొడుక్కునే ఆ ఒక్క నల్ల కోటు కాలరు మురికి తోమడం, దువ్వెన కడగడం, పౌడరు డబ్బా నింపడం. పసిపిల్లల ఫోటోకైతే ఆయన భుజం వెనక నిలబడి గిలక్కాయ ఆడించడం, నాలిక చాపడం, కోడి కూత కూయడం. ఈ ఊళ్లో పిల్లల మొదటి ఫోటోలు ఏ ఇంట్లో చూసినా వాళ్ల కళ్లు కెమెరాకు కాస్త పక్కగా ఉంటాయి. ఎక్కడికి చూస్తున్నారో ఎవరూ అడగలేదు. వాళ్లు ఆమెను చూసి నవ్వుతున్నారు.

పాత కెమెరాలోని ముఖం పక్కకు తిరిగి ఉంది. అది కొన్నేళ్ల కిందటిది. చెంపలు నిండుగా ఉన్నాయి. ఆ రోజు మధ్యలోనే ఫ్లాష్ కాలిపోయి ఉంటుంది, ఆయన విసుక్కుని కెమెరాను అరలో పెట్టేసి ఉంటాడు, అందుకే ఎవరూ చెరపలేదు. కళ్లు లెన్సులోకి చూడడం లేదు. స్టూడియో వెనకున్న వంటింటి గుమ్మం వైపు చూస్తున్నాయి. ఎందుకో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. పొయ్యి మీద పాలున్నాయి. ఇంకెవరు చూసినా ఎవరికోసమో ఎదురుచూస్తున్న మనిషి అనుకుంటారు. అందంగానే ఉంది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు తనే చెప్పుకుంది, పైకి కాదు.

పై చదువుకు వేరే ఊరు వెళ్లిన కూతురు పోయిన నెల ఫోనులో ఒక మాట అడిగింది. హాస్టలు గదిలో అందరూ మంచం పక్కన వాళ్లమ్మల ఫోటోలు పెట్టుకున్నారట. "నీదొకటి పంపమ్మా. నాన్నవి, నానమ్మవి బోలెడున్నాయి. ఫోటో స్టూడియోలో పుట్టాను, మా అమ్మ ఫోటో లేదంటే నవ్వుతున్నారిక్కడ." ఆమె కూడా నవ్వి, రేపు తీయించి పంపుతాలే అంది. ఆ సాయంత్రమే ఆయనతో చెప్పింది. ఆయన కాదనలేదు. మనింటి కెమెరానే కదా, ఎప్పుడైనా తీయొచ్చు అన్నాడు. ఆ ఎప్పుడైనా అనే రోజు ఇంకా రాలేదు. ఇప్పుడీ ముఖం దొరికింది. వెంటనే కూతురికి పంపేయొచ్చు. కాని పంపితే అది అమ్మ ఫోటో అయిపోతుంది. ఇంకో రెండు రోజులు తన ఫోటోగా ఉండనీ అనుకుంది. కెమెరాను అరలో పెట్టేసి, డొల్లలు ఊడ్చింది.

ఊడ్చిందంటే అన్నీ ఊడవలేదు. గుప్పెడు ఏరి, పాత పౌడరు డబ్బాలో వేసి, వంటింటి కిటికీలో పెట్టింది.

తర్వాత రోజుల్లో ఆమె పొద్దుటి పని కాస్త ముందే మొదలయింది. ఎండ ఉన్నరోజు నేల మీద, లేనిరోజు కిటికీ దగ్గర. డొల్ల మీద వల అల్లినట్టు గీతలుంటాయి. దగ్గరగా చూస్తే అవి అత్తగారి మడమల పగుళ్లలా ఉన్నాయి. కాయను చిట్లించి చూస్తే లోపలి గోడ పట్టులా నునుపు, బయటి గరుకుకు సంబంధమే లేదు. పలుకు మీది ఎర్రటి పొట్టు వేళ్ల మధ్య నలిపి ఊదితే ఎగిరిపోతుంది, లెక్కలోకి రానిది. దాన్ని కిటికీ అద్దానికి తడిచేసి అంటిస్తే వెలుగు దాటి వచ్చి సన్నటి నరాలు కనిపించాయి. కళ్లు మూసుకుని ఎండకేసి తిరిగితే రెప్పల లోపల కనిపించే రంగు అది. కొన్ని కాయల్లో ఒక గదిలో పలుకు నిండుగా ఉంటుంది, రెండో గదిలో నల్లబడి ముడుచుకున్న చిన్న ముక్క. పైకి రెండు గదులూ ఒక్కలాగే ఉబ్బి ఉంటాయి. అలాంటివి మగవాళ్లు ఉమ్మేసి పక్కన పడేస్తారు. ఆమెకు అవే ఎక్కువ కావలసివచ్చాయి.

పలుకును రెండు బద్దలు చేస్తే ఒక కొసన చిన్న మొలక ఉంటుంది, ముక్కు పొడుచుకొచ్చిన పిట్టలాగా. దాని ఫోటో తీయాలంటే పాత కెమెరా అంత దగ్గరికి చూడలేదు. అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం ఆయన లెన్సు ఊడదీసి, తిరగేసి, చేత్తో కెమెరాకు అదిమిపట్టి, ఇటు రా, చూడు అని పిలిచాడు. గోడ మీద పాకుతున్న చీమ. దాని కాళ్ల మీది నూగు కూడా కనిపించింది. ఆమె అబ్బా అంటే ఆయన ఎంత మురిసిపోయాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఇల్లంతా తిరిగి ఉప్పు పలుకూ, అగ్గిపుల్ల తలా, ఆమె వేలి గోరూ చూశారు. తర్వాత అలాంటి మధ్యాహ్నం మళ్లీ రాలేదు. గొడవలేం జరగలేదు. గిరాకీ పెరిగింది, అంతే. ఇప్పుడు ఆమె లెన్సు తిప్పి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పిట్టముక్కును చూసింది. పక్కన అబ్బా అనేవాళ్లు లేరు. తనే అంది. వంటింట్లో ఆ మాట విచిత్రంగా వినబడింది.

అత్తగారు కుర్చీలోంచి కదల్లేరు గాని ఆవిడ కన్ను ఇల్లంతా తిరుగుతుంది. ఒకరోజు, ఏం చేస్తున్నావే అక్కడ, పొట్లకాయ కోయడానికి ఇంతసేపా అని కేకేసింది. ఏం లేదత్తయ్యా అంటూ వచ్చేసరికి మెడలో కెమెరా అలాగే ఉంది.

"వేరుశెనగ తొక్కలకి ఫోటోలేంటే? సంబంధాలేమైనా చూస్తున్నావా వాటికి?"

ఆమెకు నవ్వొచ్చింది. అత్తగారికీ వచ్చేదేమో, కాని ఆవిడ దాన్ని మింగేసింది. ఆ వయసులో మాకు తీరికెక్కడిదమ్మా, పొలం నుంచి వచ్చిన కాయ ఒలిచి ఒలిచి బొటనవేళ్లు చిట్లిపోయేవి అని గోడతో చెప్పినట్టు చెప్పింది. ఆమె ఆ బొటనవేళ్లకేసి చూసింది. గోళ్లు ఒక పక్కకు వంకరపోయి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆ గోళ్లు తనే తీస్తోంది, ఎందుకు వంకరో ఎప్పుడూ అడగలేదు. ఒకసారి చెయ్యి ఇలా పెట్టండత్తయ్యా అందామనుకుంది.

సంగతి ఆయన దాకా పోయింది. ఆయన కోప్పడే మనిషి కాదు. కోపం కంటే నవ్వు ఖర్చు తక్కువ. ఆ సాయంత్రం బెంచీల మీద పొట్లం విప్పుతూ, మా ఆవిడ కొత్త కస్టమర్లని పట్టిందయ్యా, కోటు అక్కర్లేదు, పౌడరు అక్కర్లేదు, కళ్లు మూశారని మళ్లీ తీయమనరు అన్నాడు. మందుల షాపాయన నవ్వి ఊరుకున్నాడు. టైర్ల షాపాయన ఊరుకునే రకం కాదు. పొట్లంలోంచి ఒక కాయ ఎంచి, తీసుకెళ్లి స్టూలు మీద నిలబెట్టాడు. అది పడిపోతే మళ్లీ నిలబెట్టాడు.

"చెల్లెమ్మా, ఈయన పాస్‌పోర్టుకు వచ్చాడు. కొంచెం చూడు. గడ్డం పైకి ఎత్తమను."

ఆయన లేచి గొడుగు లైటు వెలిగించాడు. మెడ వంకర పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి, నిజం కస్టమరుకు చూసినట్టే చూసి ఒకటి తీశాడు. ముగ్గురూ బెంచీ అదిరేలా నవ్వారు. ఆమె టీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు. అయితే నవ్వుతూ నవ్వుతూ ఒకటి గమనించింది. ఆ కాయ మీద పెట్టినంత శ్రద్ధగా ఆయన తన ముఖం మీద లైటు పెట్టి చాలా ఏళ్లయింది.

గ్లాసులు పళ్లెంలో సర్దుతుంటే ఆయన మామూలు గొంతుతో ఇంకో పని చెప్పాడు. కొత్త కెమెరా కార్డు మొరాయిస్తోంది, పొద్దున్నే ఒక పసిపిల్ల ఫోటో ఉంది, పాత కెమెరాలోని కార్డు ఇందులో వేద్దాం. "అందులో ఎప్పటివో కస్టమర్లవి ఉన్నాయి. డిలీట్ చేసెయ్. నీ డొల్లలు కావాలంటే ఉంచుకో." ఉంచుకో అన్నాడు. అది మంచితనమే. ఆమెకు తెలుసు.

వంటింట్లోకి వచ్చేసరికి కూర సగం ఉడికింది. బయట ఇంకా వెలుతురుంది గాని కిటికీ లోపలికి చీకటి దిగుతోంది. పొయ్యి పక్కనే నిలబడి, ఒక చేత్తో గరిట, ఒక చేత్తో కెమెరా. అత్తగారు వేడినీళ్లు అడిగింది. వస్తున్నానత్తయ్యా అంది. కూర అడుగంటుతుందేమోనని కళ్లు గిన్నె మీద ఉన్నాయి. బొటనవేలు దాని పని అది చేసుకుంటోంది. చెత్తబుట్ట, అవును. చెత్తబుట్ట, అవును. చెత్తబుట్ట, అవును. ఒకసారి గిన్నె మీద మూత పెట్టి తెర కేసి చూసింది. కోటు తొడుక్కున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కాలరు శుభ్రంగా ఉంది, తను తోమిందే. ఈయనది ఫ్లాష్ కాలిపోయిన రోజు ఫోటో. ఈయన కంటే ముందు ఎవరున్నారు?

ఈయన కంటే ముందు ఆమె ఉంది.

మొదటికి నొక్కింది. కోటాయన. చివరికి నొక్కింది. డొల్లలు. మళ్లీ మొదటికి. కోటాయన. గరిట కింద పెట్టి రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. డొల్లలు అన్నీ ఉన్నాయి, నీడలతో సహా. పిట్టముక్కు ఉంది. కిటికీకి అంటించిన పొట్టు ఉంది. వంటింటి గుమ్మం వైపు చూస్తున్న ఆ మనిషి లేదు. వేరెవరూ చెరపలేదు. చెరపమని ఎవరూ అనలేదు కూడా, కస్టమర్లవి తీసేయమన్నాడు, నీవి ఉంచుకోమన్నాడు. ఇన్నేళ్లలో ఆమె వేలికి ఒక సంగతి బాగా పట్టుబడింది, ముందుగా వచ్చేవి అక్కర్లేనివని. పాల కోసం చూస్తూ తీయించుకున్న ముఖాన్ని కూర కోసం చూస్తూ పోగొట్టుకుంది. చెరిపినవాటిని వెనక్కి తెచ్చే ఉపాయాలు ఉంటాయని కంప్యూటరు షాపతను అంటుండగా ఎప్పుడో విన్నది. వెళ్లి ఏమని చెప్పాలి? నా ముఖం నేనే చెత్తబుట్టలో వేసుకున్నాననా? రేపు సాయంత్రం బెంచీల మీద అదొక పొట్లం అవుతుంది.

వేడినీళ్లు అత్తగారికి ఇచ్చింది. ఏమే, ముఖం అలా ఉంది అని అడిగింది ఆవిడ. ఎలా ఉందత్తయ్యా అంది ఆమె. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆవిడ ఒక క్షణం చూసి, ఏమో, చీకట్లో నాకేం కనపడుతుంది అంది.

మర్నాడు పొద్దున ఆకాశం తేటపడింది, ఒక్క మబ్బు లేదు. ఆమె షట్టరు సగం ఎత్తింది, వంగి ఊడ్చింది. స్టూలు మీద నిన్నటి కాయ అలాగే ఉంది. టైర్ల షాపాయన నిలబెట్టింది పడిపోలేదు. ఊడ్చేటప్పుడు దాన్ని తీయబోయి ఆగింది.

పసిపిల్ల తల్లిదండ్రులు చెప్పిన వేళకే వచ్చారు. ఇద్దరూ చిన్నవాళ్లు. తండ్రి బస్సు డ్రైవరట, డ్యూటీకి పోవాలి, ఫోను తీసి టైము చూసుకుంటున్నాడు. తల్లి పిల్ల చెంపలకు పౌడరు అద్దుతోంది. తన జుట్టు చెదిరి ఉంది, దాని సంగతి ఆమెకు గుర్తులేదు. ఆయన కెమెరాకు స్టాండు బిగించి, కళ్లెత్తకుండానే, ఏమే, ఒకసారి రా అన్నాడు. లోపలినుంచి ఆమె వచ్చి నిలబడింది. కూర్చోలేదు. ఆయన తల ఎత్తి చూస్తే స్టూలు మీద వేరుశెనగ కాయ ఉంది.

"ఇదేంటి ఇంకా ఇక్కడే ఉంది? తీసెయ్."

"ఉండనీయండి. దాంతో చూసుకోండి," అంది.

పిల్ల తల్లి నవ్వబోయి మొగుడి ముఖం చూసి ఆగింది. ఆయన ముందు ఆమెను చూశాడు, తర్వాత కస్టమర్లను చూశాడు, గొంతు తగ్గించాడు. ఆటలేంటి పొద్దున్నే, వాళ్లు డ్యూటీకి పోవాలి, వచ్చి కూర్చో అన్నాడు. ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. కటింగు ఎన్ని కాపీలు అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"కూర్చుంటాను. తీసింది మాత్రం డిలీట్ చెయ్యను."

"టెస్టు ఫోటోలెవరు దాచుకుంటారే?"

"నేను."

ఆయన బిగించిన స్టాండునే మళ్లీ బిగించాడు. ఆమె డబ్బు అడగలేదు, పుట్టింటికి పోతాననలేదు, ఏడవలేదు. అలాంటివాటికి ఆయన దగ్గర మాటలున్నాయి. దీనికి లేవు. పిల్ల తల్లి మెల్లిగా, మీరు ముందు అక్కని తీయండి, మాకేం తొందర లేదు అంది. బస్సు డ్రైవరు ఏదో అనబోయాడు. భార్య అతని ఒళ్లో పిల్లను పెట్టింది.

ఆగండి అని చెప్పి ఆమె లోపలికి వెళ్లింది. పొయ్యి మీద పాలున్నాయి. మంట ఆర్పేసింది. తిరిగి వచ్చి, కస్టమర్ల దువ్వెన తీసుకుని అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంది. ఎన్నోసార్లు కడిగిన దువ్వెన, ఆమె జుట్టుకు తగలడం అదే మొదటిసారి. వేరుశెనగ కాయను స్టూలు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొంగుకు చేతులు తుడుచుకోలేదు. వంటింటి వైపు చూడలేదు. లెన్సులోకి చూసింది. అందులో చిన్నగా, తలకిందులుగా, గొడుగు లైటూ దాని కింద ఒక ఆడమనిషీ కనిపించారు.

ఆయన లైటు అటు జరిపాడు. ఇటు జరిపాడు. ముక్కు నీడ అనలేదు. నుదురు అనలేదు. చూపుడు వేలు మీట మీద పెట్టి చాలాసేపు నొక్కలేదు. కెమెరా వెనకనుంచి ముఖం పక్కకు తీసి ఒకసారి వట్టి కళ్లతో చూశాడు, మళ్లీ వెనక్కి పోయాడు. అప్పుడు నొక్కాడు. ఒక్కటే.

తర్వాత పిల్ల కూర్చుంది. ఆమె ఆయన భుజం వెనక నిలబడి గిలక్కాయ ఆడించింది, కోడి కూత కూసింది. పిల్ల కెమెరాకు కాస్త పక్కగా చూసి బోసినోరు తెరిచి నవ్వింది. వాళ్లు వెళ్లాక ఆమె కార్డు తీసి కంప్యూటరులో పెట్టింది. ఆ పొద్దున తీసినవాటిలో మొదటిది తెరిచి చూసుకుంది. చెంపలు పాతదానిలో ఉన్నంత నిండుగా లేవు. కళ్ల కింద చారలున్నాయి. అందంగా ఉందో లేదో వెంటనే తేల్చుకోలేకపోయింది. ఎవరికోసమూ ఎదురుచూస్తున్నట్టు మాత్రం లేదు. దానికో కాపీ, నీడలున్న డొల్లలకో కాపీ వేరుగా దాచి, రెండూ కూతురికి పంపింది. కూతురు క్లాసులో ఉన్నట్టుంది, జవాబు రాలేదు. ఏమని వస్తుందో, అమ్మా ఈ తొక్కలేంటి అని వస్తుందేమో. ఏదైనా ఫరవాలేదనుకుంది. చెరపడానికి ఇంకేం లేదు. వేలు కాసేపు ఊరికే మీట మీద ఆడి ఊరుకుంది.

మధ్యాహ్నం మామూలుగా రెండు కంచాలు పెడుతుంది. ఒకటి ఆయనకు, ఒకటి అత్తగారికి. వాళ్లు తిన్నాక గిన్నెలో మిగిలింది పొయ్యి దగ్గర నిలబడి తను తింటుంది. ఆ రోజు మూడు పెట్టింది. మూడో కంచం చూసి ఎవరైనా వస్తున్నారా అని అడగబోయింది అత్తగారు, నోటిదాకా వచ్చిన మాటను అన్నంతో కలిపి లోపలికి పంపేసింది. ఆయన ఎప్పటిలాగే కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. వంటింట్లో ఉన్న వెలుగంతా ఆ కిటికీదే. ఆయన నీడ బల్ల మీదుగా వచ్చి ఆమె కంచం మీద పడింది.

అత్తగారి దవడ కదిలే చప్పుడు, గరిట గిన్నెకు తగిలిన చప్పుడు. ఆయన రెండోసారి కూర వడ్డించుకుని, గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, ఆమె ముందుకు జరిపాడు. ఆమె వేసుకుంది. కొంతసేపటికి ఆయన, నడుం నొప్పి పుట్టిందో ఏమో, కుర్చీ కాస్త పక్కకు లాక్కున్నాడు. కిటికీ వెలుగు బల్ల మీదికి వచ్చింది. అన్నం మెతుకుల వెనక, మంచినీళ్ల గ్లాసు వెనక, కంచం అంచున పెట్టుకున్న వేరుశెనగ కాయ వెనక సన్నటి నీడలు లేచాయి. కావాలనే జరిగాడా అని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.